రాయడమే ఉద్యోగమైనవాళ్లు ఏం చదవాలి? ఖరగ్‌పూర్ నుంచి ఒక కంటెంట్ రైటర్ ప్రశ్న

“ఏటి చదవమంటావక్కా?”

ఖరగ్‌పూర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండే ఒక అమ్మాయి ఈ మధ్య నన్ను అడిగిన ప్రశ్న ఇది. రైల్వే కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, బజారులో హిందీ, స్నేహితులతో బెంగాలీ. చిన్నప్పటి నుంచి పుస్తకాల పురుగు. డిగ్రీ అయ్యాక ఇంటి నుంచే ఒక కంపెనీకి ‘కంటెంట్’ రాస్తోంది. వారానికి ఐదు వ్యాసాలు, ఒక్కోటి 1,500 పదాలు. ఒక వారం ఆరోగ్య బీమా, ఇంకో వారం వాటర్ ప్యూరిఫయర్లు.

“పుస్తకాలంటే ఇష్టమనే ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు చేస్తున్నదేటంటే, గూగుల్‌లో పైన కనిపించే పది వ్యాసాలు చదివి పదకొండోది రాయడం” అంది. ఇటీవల ఆ పదకొండోది కూడా ఏఐ రాసిపెడుతోంది. తన పని దాన్ని సరిచేయడమే. పని తగ్గింది, దాంతో పాటే డబ్బూ తగ్గింది.

కంటెంట్ మార్కెటింగ్ చేసేవాళ్లకు పనికొచ్చే బ్లాగుల జాబితాలు ఇంటర్నెట్‌లో వందల కొద్దీ దొరుకుతాయి. చాలా వాటిలో అవే పేర్లు, అదే వరుసలో ఉంటాయి. ఆ జాబితాలు కూడా పదకొండో వ్యాసాలే. చదవడమంటే నిజంగా ఇష్టం ఉన్న మనిషి ఈ పనిలో ఉంటే, ఆ ఇష్టాన్ని పనికి ఎలా మళ్లించుకోవాలన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతికే క్రమంలో నేను చదివినవి, వాటిలో నాకు నిలబడతాయనిపించినవి ఇక్కడ చెబుతున్నాను.

అసలు ఇది కొత్త పనా?

కాదు. వస్తువు గురించి చెప్పకుండా, వస్తువు కొనబోయే మనిషికి పనికొచ్చే సంగతి చెప్పడమే కంటెంట్ మార్కెటింగ్. ట్రాక్టర్లతో పేరుపొందిన అమెరికా కంపెనీ జాన్ డీర్ 1895లోనే ‘ది ఫర్రో’ అనే పత్రిక మొదలుపెట్టింది. అప్పటికి ఆ కంపెనీ అమ్మేది నాగళ్లు, సేద్యపు పనిముట్లు. పత్రికలో మాత్రం సాగు కబుర్లు ఉండేవి. ఫ్రాన్స్‌లో టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో కారు యజమానుల కోసం ఒక గైడ్ అచ్చువేసి ఉచితంగా పంచింది. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, మెకానిక్ ఎక్కడుంటాడు, ఏ ఊళ్లో బస చేయొచ్చు అన్న వివరాలు అందులో ఉండేవి. జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయన్నది లెక్క. రెస్టారెంట్లకు ఇచ్చే మిషెలిన్ స్టార్లు ఆ తర్వాత వచ్చాయి.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఆ మందును ఉచితంగా పంచేవారని చెబుతారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో అది మద్రాసులో దినపత్రికైంది. 1924లో ‘భారతి’ వచ్చింది. ఆంధ్రపత్రికను కంటెంట్ మార్కెటింగ్ అనడం అన్యాయం. అది జాతీయోద్యమ పత్రిక, బామ్ అమ్మిన డబ్బు దాన్ని పోషించింది. కానీ ఒకటి మాత్రం గమనించాలి. తలనొప్పి మందు అమ్మే మనిషికి తన పాఠకులు ఎవరో, వాళ్లు ఏ మాట మాట్లాడతారో, సాయంత్రం ఎక్కడ కూర్చుంటారో తెలుసు. ఈ రోజు కంటెంట్ రాసేవాళ్లలో చాలామందికి తెలియనిది సరిగ్గా అదే.

ఖరగ్‌పూర్ నుంచే ఎందుకు?

దేశంలో చాలామందికి ఖరగ్‌పూర్ అంటే ఐఐటీ, లేదా ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదని చెప్పుకున్న 1,072 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫామ్. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ రికార్డును దాటేశాయి. తెలుగువాళ్లకు మాత్రం ఇది మన ఊరు లాంటి పరాయి ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, ఆ వెంటనే పెద్ద వర్క్‌షాపు కట్టింది. అదే రైలు మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గంజాం వైపు నుంచి ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా, గుమాస్తాలుగా తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఇప్పుడు నడుస్తున్నది మూడో తరం, నాలుగో తరం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, అందుకు కారణంగా ముందు వినిపించిన పేర్లలో ఖరగ్‌పూర్ ఒకటి.

అయితే ఇక్కడి తెలుగు ఎక్కువగా చెవి తెలుగు. అమ్మమ్మ మాట, గుడి దగ్గర మాట, పెళ్లిలో మాట. మా తరంలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, సినిమా డైలాగు వచ్చు. చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి కూడా అంతే. రైల్వే ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వచ్చే రోజులు పోయాయి. ఇంటి నుంచి కంప్యూటర్ మీద చేసే పనులే ఇక్కడి చదువుకున్న పిల్లలకు మిగిలిన దారుల్లో ఒకటి. నాలుగు భాషలు వచ్చిన వాళ్లకు అందులో పైచేయి ఉండాలి కదా?

ఉండాలి. కేపీఎంజీ, గూగుల్ కలిసి 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2016 నాటికే దేశంలో భారతీయ భాషల్లో ఇంటర్నెట్ వాడేవాళ్లు 23.4 కోట్లు. ఇంగ్లిష్‌లో వాడేవాళ్లు 17.5 కోట్లు. అంటే చదివేవాళ్లు ఉన్నారు. వాళ్లకు చేరుతున్న తెలుగు ఎలాంటిది అన్నదే సమస్య. “మీరు దేనికోసం వేచి ఉన్నారు? ఇప్పుడే సైన్ అప్ చేయండి!” ఇందులో ‘సైన్ అప్’ తప్ప ప్రతి మాటా తెలుగే, వాక్యం మాత్రం కాదు. తలనొప్పి వచ్చిన మనిషి ఫోన్‌లో “తలనొప్పి తగ్గాలంటే ఏం చేయాలి” అని వెతుకుతాడు. పేజీ మీద “శిరోవేదన నివారణా మార్గాలు” అని ఉంటుంది. బ్యాంకు మెట్లెక్కే ప్రతి ఒక్కరూ హోమ్ లోన్ అంటారు, వెబ్‌సైటు మాత్రం “గృహ రుణం” దగ్గరే ఆగిపోతుంది.

పాఠకుడు ఎలా చదువుతాడో ముందు చదవండి

నేను ఆ అమ్మాయికి చెప్పిన మొదటి పేరు మార్కెటింగ్ బ్లాగు కాదు. నీల్సన్ నార్మన్ గ్రూప్. వెబ్‌సైట్లను మనుషులు నిజంగా ఎలా వాడతారో కూర్చోబెట్టి చూసే సంస్థ. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన జాకబ్ నీల్సన్ 1997లో రాసిన ఒక చిన్న వ్యాసాన్ని ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి. వాళ్లు పరీక్షించిన వాళ్లలో 79 శాతం మంది పేజీని అక్కడక్కడా చూసుకుంటూ పోయారు. ప్రతి పదం చదివినవాళ్లు 16 శాతమే. అదే సమాచారాన్ని సగం మాటల్లో, చూపు ఆగే విధంగా, గొప్పలు చెప్పకుండా రాసినప్పుడు దాని ఉపయోగం 124 శాతం పెరిగింది. 2006లో చూపు ఎటు కదులుతుందో కొలిచి, అది ఇంగ్లిష్ అక్షరం ‘ఎఫ్’ ఆకారంలో వెళ్తోందని చెప్పారు. పైన రెండు అడ్డగీతలు, ఆ తర్వాత ఎడమ అంచు వెంట కిందికి.

ఇక్కడ తెలుగులో రాసేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ వాక్యంలో క్రియ ముందే వచ్చేస్తుంది. తెలుగులో అది చివర ఉంటుంది. చూపు ఎడమ అంచు వెంట జారిపోతుంటే, మన వాక్యంలో అసలు సంగతి కుడి చివరన, చాలాసార్లు తర్వాతి వరుసలో దాక్కుని ఉంటుంది. “పాలసీ గడువు ముగిసేలోపు ప్రీమియం చెల్లించని పక్షంలో మీ క్లెయిమును కంపెనీ తిరస్కరించే అవకాశం ఉంది” అని రాస్తే, పైపైన చూసుకుంటూ పోయే మనిషికి కనిపించేది “పాలసీ గడువు” మాత్రమే. “క్లెయిమ్ రాకపోవచ్చు. ఎప్పుడంటే, గడువులోపు ప్రీమియం కట్టనప్పుడు” అంటే ముందు కనిపించాల్సింది ముందే కనిపిస్తుంది. అమెరికాలో చేసిన ఆ పరిశోధనలో తెలుగు ఊసు ఉండదు. దాన్ని చదివి మన భాషకు అన్వయించుకునే పని మనదే. అనువాదంతో అది జరగదు.

రాతపని నేర్పేవాళ్లు

ఆన్ హ్యాండ్లీ పేరు అన్ని జాబితాల్లోనూ ఉంటుంది. ఈ ఒక్కసారి జాబితాలు చెప్పేది నిజమే. ‘ఎవ్రీబడీ రైట్స్’ అనే ఆమె పుస్తకం 2014లో వచ్చింది, 2022లో కొత్త కూర్పు వేశారు. రెండు వారాలకోసారి ఆదివారం వచ్చే ఆమె న్యూస్‌లెటర్ మార్కెటింగ్ గురించే అయినా ఉత్తరంలా ఉంటుంది. ఒక కంపెనీ పంపిన మెయిల్ ఎందుకు చదవబుద్ధి అయిందో, ఇంకొకటి ఎందుకు కాలేదో ఆమె వాక్యం వాక్యం విప్పి చూపిస్తుంది. చదవడం ఇష్టమున్నవాళ్లకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే ఆమె కూడా మొదట పాఠకురాలు.

సేథ్ గోడిన్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. ఏళ్ల తరబడి రోజుకో చిన్న రాత. కొన్ని నాలుగే వాక్యాలు. అన్నీ గొప్పవి కావు, కొన్ని మరీ గాలిలో తేలుతుంటాయి. కానీ ఒక ఆలోచనను ఒక పేరాలో ముగించడం ఎలాగో చూడాలంటే వరుసగా ముప్పై చదవండి. 1999లో ఆయన రాసిన ‘పర్మిషన్ మార్కెటింగ్’ పుస్తకం సారాంశం కూడా చిన్నదే. అడగకుండా మీద పడే ప్రకటన కన్నా, మనిషి తనంతట తాను రమ్మని పిలిచిన ఉత్తరం మేలు.

నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది మార్కెటింగ్‌తో సంబంధం లేని చోటు. షాన్ అషర్ 2009లో మొదలుపెట్టిన ‘లెటర్స్ ఆఫ్ నోట్’లో ప్రసిద్ధులు, అనామకులు రాసిన పాత ఉత్తరాలు ఉంటాయి. అందులో ప్రకటనల రంగ దిగ్గజం డేవిడ్ ఓగిల్వీ 1955లో రాసిన ఉత్తరం ఒకటి ఉంది. తాను ప్రకటన ఎలా రాస్తాడని అడిగిన వ్యక్తికి ఆయన తన అలవాట్లన్నీ దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఆఫీసులో ఒక్క ముక్కా రాయలేనని, ఇంటికి వెళ్లి రాస్తానని, ముందుగా అదే రకం వస్తువులకు గత ఇరవై ఏళ్లలో వచ్చిన ప్రకటనలన్నీ తిరగేస్తానని, రాసింది మర్నాడు పొద్దునే లేచి దిద్దుతానని, తాను మంచి రచయితను కానని, దిద్దుకోవడం మాత్రం బాగా వచ్చని. రమ్ము సీసా ప్రస్తావన కూడా ఉంది, దాన్ని అనుసరించమని నేను చెప్పను. ఏఐ రాసినదాన్ని దిద్దే పనిలో పడ్డ మా వీధి అమ్మాయికి ఈ ఉత్తరం పంపితే, “అయితే నేను చేస్తున్నది చిన్న పనేం కాదన్నమాట” అని జవాబు పెట్టింది.

అయితే దిద్దాలంటే, ఏది తప్పో తెలియాలి. ఏది తప్పో తెలియాలంటే మంచిది చాలా చదివి ఉండాలి.

పదకొండో వ్యాసం ఎందుకు చచ్చిపోతోంది?

ఇది సెర్చ్‌కు సంబంధించిన భాగం, కాస్త పొడిగా ఉంటుంది. కానీ జీతం దీని మీదే ఆధారపడి ఉంది.

సెర్చ్ టూల్స్ అమ్మే ఆహ్రెఫ్స్ కంపెనీ తన బ్లాగులో 2023లో ఒక లెక్క వేసింది. తాము పరిశీలించిన దాదాపు 1,400 కోట్ల పేజీల్లో 96.55 శాతానికి గూగుల్ నుంచి ఒక్క సందర్శకుడూ రావడం లేదు. అంటే రాసిన దాంట్లో దాదాపు అంతా ఎవరూ చదవనిదే. స్పార్క్‌టోరో 2024లో చెప్పింది ఇంకొకటి. అమెరికాలో గూగుల్‌లో వెతికే ప్రతి వెయ్యిసార్లలో దాదాపు 360 మాత్రమే బయటి వెబ్‌సైట్ల మీద క్లిక్కుగా మారుతున్నాయి. మిగతావాళ్లకు జవాబు గూగుల్ పేజీ మీదే దొరికిపోతోంది, లేదా వాళ్లు గూగుల్ సొంత సేవల్లోకే వెళ్తున్నారు. 2024 ఆగస్టులో గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూలు మన దేశానికీ వచ్చాయి. పది వ్యాసాల సారాన్ని యంత్రమే పైన వడ్డిస్తుంటే, ఆ పదింటినీ కలిపి వండిన పదకొండోదాన్ని ఎవరు తెరుస్తారు?

గూగుల్ ఏం కోరుకుంటోందో తెలుసుకోవడానికి ఎవరి జోస్యాలూ అక్కర్లేదు. ‘గూగుల్ సెర్చ్ సెంట్రల్’ బ్లాగును నేరుగా చదవడం మేలు. 2022 ఆగస్టులో, సెర్చ్ కోసం కాక మనుషుల కోసం రాసినవాటిని పైకి తేవాలని ఒక మార్పు చేశారు. అదే ఏడాది డిసెంబరులో, నాణ్యతను అంచనా వేసే తమ కొలమానాల్లో ‘అనుభవం’ అనే మాట చేర్చారు. ఆ వస్తువును వాడిన, ఆ చోటికి వెళ్లిన, ఆ బాధ పడిన మనిషి రాశాడా అన్నది కూడా చూస్తామని దాని భావం. 2024 మార్చిలో 2022 నాటి మార్పును ప్రధాన ర్యాంకింగ్ పద్ధతిలోనే కలిపేశారు. ఆచరణలో గూగుల్ ఈ మాట మీద ఎంత నిలబడిందన్నది వాదించుకోవచ్చు. చిన్న వెబ్‌సైట్లు నడిపే చాలామంది తమకు అన్యాయం జరిగిందంటున్నారు. అయినా ముందు మూలాన్ని చదివి, ఆ తర్వాత వ్యాఖ్యానాల వైపు వెళ్లండి.

ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చెప్పేది ‘గ్రో అండ్ కన్వర్ట్’ అనే బ్లాగు. పైకి వ్యాసంలా కనిపించి, దగ్గరికి వెళ్తే లోపల ఏమీ లేని రాతకు వాళ్లు పెట్టిన పేరును తెలుగులో చెబితే ‘ఎండమావి కంటెంట్’. తెలియని రచయిత గూగుల్‌లో చూసి రాసింది, తెలిసిన పాఠకుడికి ఎందుకూ కొరగాదని వాళ్ల వాదన. పరిష్కారం కూడా సాదాగానే చెబుతారు. ఆ పని తెలిసిన మనిషిని ఇంటర్వ్యూ చేయండి. జర్నలిజం చదివిన నాకు ఇది కొత్తగా తోచలేదు. మార్కెటింగ్ ప్రపంచానికి కొత్తగా ఉండటమే నాకు వింత.

ఒక హెచ్చరిక. ఈ బ్లాగుల్లో చాలావాటికి వెనక ఒక దుకాణం ఉంది. హబ్‌స్పాట్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది, ఆహ్రెఫ్స్ సెర్చ్ టూల్స్ అమ్ముతుంది, గ్రో అండ్ కన్వర్ట్ సేవలు అమ్ముతుంది. వాళ్లు చెప్పేది అబద్ధమని కాదు. వాళ్లు కూడా చేస్తున్నది కంటెంట్ మార్కెటింగే. మీ పని వాళ్లు మీ మీద చేస్తున్నప్పుడు ఎలా చేస్తున్నారో గమనిస్తే, సలహా కన్నా ఎక్కువ నేర్చుకోవచ్చు. చికాగోలోని ఆర్బిట్ మీడియా 2014 నుంచి ఏటా బ్లాగర్లను సర్వే చేస్తోంది. ఒక పోస్టు రాయడానికి పట్టే సగటు సమయం అప్పట్లో రెండున్నర గంటల లోపు, 2023, 2024 సర్వేల్లో నాలుగు గంటలకు దగ్గర. ఆ సర్వేను ఎంతోమంది ఉటంకిస్తారు కాబట్టి ఆర్బిట్ మీడియా పేరు ఎప్పుడూ వాడుకలో ఉంటుంది. తమ సొంత సమాచారాన్ని తామే పుట్టించుకున్నారు, దాన్ని యంత్రం ముందే వండి పెట్టలేదు.

ఇష్టంగా చదవాల్సినవి

మరియా పొపోవా 2006లో ఏడుగురు స్నేహితులకు పంపిన మెయిల్‌తో మొదలైనది ‘బ్రెయిన్ పికింగ్స్’. 2021లో దాని పేరు ‘ది మార్జినాలియన్’గా మారింది. అంచుల్లో రాసుకున్న నోట్సు అనే అర్థం వచ్చే పేరు. 2012లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని తన శాశ్వత వెబ్ భాండారంలో చేర్చింది. ఒక పాత పుస్తకాన్ని ఇంకో పుస్తకంతో, ఒక శాస్త్రవేత్త డైరీని ఒక కవి ఉత్తరంతో ఆమె కలిపే తీరు చూడాలి. కొన్నిసార్లు భాష మరీ బరువెక్కుతుంది. అప్పుడు దాటేయండి.

షేన్ పారిష్ నడిపే ‘ఫర్నమ్ స్ట్రీట్’ వ్యాపారం వైపు మొగ్గుతుంది. ఒమాహాలో వారెన్ బఫెట్ కంపెనీ ఉన్న వీధి పేరే దానికి పెట్టారు. అందులో అన్నీ వదిలేసినా, మార్టిమర్ ఆడ్లర్ 1940 నాటి పుస్తకం ఆధారంగా ‘ఎలా చదవాలి’ అనే విషయం మీద రాసినవి చదవండి. ఆడ్లర్ చెప్పిన నాలుగు మెట్లలో ఆఖరిది, ఒకే ప్రశ్న మీద అనేక పుస్తకాలను పక్కపక్కన పెట్టి, అవి ఒకదానితో ఒకటి ఎక్కడ విభేదిస్తున్నాయో చూడటం. పది వ్యాసాలు చదివి పదకొండోది రాసేవాళ్లు చేసేదీ పైకి ఇలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే. వాళ్లు పదింటిలోనూ ఒకేలా ఉన్నదాన్ని ఏరుతారు, ఆడ్లర్ పాఠకుడు వేరుగా ఉన్నదాన్ని ఏరుతాడు.

మరి తెలుగు?

ఇంగ్లిష్ బ్లాగులు ఎన్ని చదివినా తెలుగు వాక్యం రాదు. ఇంత చిన్న సంగతిని తెలుగు కంటెంట్ రాయించే కంపెనీలు కూడా మర్చిపోతుంటాయి.

‘ఈమాట’ 1998 నుంచి నడుస్తోంది. వెబ్‌లో తెలుగు రావడమే గొప్ప అనుకునే రోజుల నుంచి ఉన్న పత్రిక. ‘పుస్తకం.నెట్’ 2009లో మొదలైంది, నిండా పుస్తకాల మీద పాఠకులు రాసినవే. ఒక పుస్తకం ఎందుకు నచ్చిందో ఒక మామూలు చదువరి చెప్పేటప్పుడు వాడే తెలుగు, ఒక వస్తువు గురించి రాసేవాళ్లకు కావాల్సిన తెలుగుకు చాలా దగ్గర. కూడలి అనే చోట తెలుగు బ్లాగులన్నీ ఒకే పేజీ మీద కనిపించే కాలం ఒకటుండేది. గూగుల్ రీడర్ 2013లో మూతపడింది, మన బ్లాగుల సందడి కూడా అటూ ఇటూగా అదే కాలంలో ఫేస్‌బుక్‌లోకి వెళ్లిపోయింది. అయినా పాత బ్లాగులు చాలావరకు అక్కడే ఉన్నాయి. వంట గురించి, ఉద్యోగం గురించి, ఊరి గురించి ఎవరూ డబ్బివ్వకపోయినా రాసినవి. ఒక మాటకు అర్థమో, దానికి దగ్గరి మాటో కావాలంటే ‘ఆంధ్రభారతి’లో అనేక నిఘంటువులను ఒకేసారి వెతకొచ్చు.

ఖరగ్‌పూర్ పిల్లలకు నేను ప్రత్యేకంగా చెప్పేది కథానిలయం. కథకుడు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం. వేల కథలు వాళ్ల వెబ్‌సైటులో చదువుకోవచ్చు. ఇక్కడి కుటుంబాల్లో చాలామంది ముత్తాతలు బయల్దేరింది ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచే. కారా మాస్టారు, రావిశాస్త్రి, చాసో రాసిన కథల్లోని మాట మా ఇళ్లలో అమ్మమ్మల నోట ఇంకా బతికే ఉంది. పాఠ్యపుస్తకం తెలుగు దగ్గర తడబడే పిల్లలు ఈ మాట దగ్గర తడబడరు, ఎందుకంటే చెవికి ముందే తెలుసు. కళ్లు పట్టుకోవడమే మిగిలింది. మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిదీ శ్రీకాకుళం ప్రాంతమే. తలనొప్పిని శిరోవేదన అనొద్దని ఈ రోజు ఒక కంటెంట్ ఎడిటర్‌తో వాదించాల్సి వస్తే, ఆ వాదన నూరేళ్ల కిందటే జరిగిందని తెలిసి ఉండటం మంచిది.

ఎంత చదవాలి?

తక్కువ. పైన చెప్పినవన్నీ ఒకేసారి సబ్‌స్క్రైబ్ చేసుకుంటే వారంలో మెయిల్‌బాక్సు తెరవబుద్ధి కాదు. పాఠకుడి గురించి ఒకటి, రాత గురించి ఒకటి, ఇష్టం కోసం ఒకటి, తెలుగులో ఒకటి చాలు. సెర్చ్ వార్తలు నెలకోసారి చూస్తే సరిపోతుంది. చదివినదాంట్లో ఒక్క సంగతైనా ఆ వారం రాసేదాంట్లో వాడి చూడాలి. లేకపోతే అది కాలక్షేపం. కాలక్షేపం తప్పేం కాదు, నేనూ చేస్తాను. దాన్ని పని అని లెక్క రాసుకోకూడదంతే.

మా వీధి అమ్మాయి నీల్సన్ వ్యాసం ఒకటి, ఓగిల్వీ ఉత్తరం, కథానిలయంలో ఒక కథతో మొదలుపెట్టింది. కథ పూర్తి చేయడానికి మూడు రాత్రులు పట్టిందట. మధ్యలో అర్థంకాని ఒక మాటను అమ్మమ్మను అడిగితే, ఆవిడ ఆ మాటతో పాటు తన పెళ్లినాటి సంగతి ఒకటి చెప్పిందట. ఆ తర్వాతి వారం ఆరోగ్య బీమా మీద వ్యాసం రాయాల్సి వచ్చినప్పుడు గూగుల్ తెరవలేదు. పక్కింట్లో ఉండే రిటైరైన ఫిట్టర్ దగ్గరికి వెళ్లింది. తన భార్య కంటి ఆపరేషన్ క్లెయిము కోసం ఏ కాగితం ఎన్నిసార్లు అడిగారో, ఏది లేదని వెనక్కి పంపారో ఆయన గంటసేపు చెప్పాడు. అదంతా అదే వరుసలో, ఆయన మాటల్లోనే తెలుగులో రాసి పంపింది. 1,500 పదాలు రాలేదు, 900 దగ్గర ఆగింది. కంపెనీ నుంచి ఇంకా జవాబు రాలేదు.